సాయంత్రం ఎత్తేసిన మేత

జపానులోని ఓకయ ఊళ్ళో మరుయామ కిను అంటే ఎవరికీ తెలియదు. ఎలుకల కిను అంటే మాత్రం అరవై దాటినవాళ్ళు ఎవరైనా సరే, చేతిలో పని ఆపి నవ్వుతారు. ఆ నవ్వులో వెటకారం లేదని చెప్పను. కాని ఆ వెటకారం కూడా ఇన్నేళ్ళకి ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డలా అయిపోయింది.

ఆమె పని చేసిన గోదాము ఇప్పుడు లేదు. సువ సరస్సులోంచి నది బయటపడే చోటికి కాస్త ఇవతల, మూడంతస్తుల చెక్క గోదాము ఉండేది. గోడనిండా కిటికీలే. మిల్లులు నడిచిన రోజుల్లో పట్టుగూళ్ళు ఆరబెట్టి అందులో దాచేవారు. మిల్లులు మూతపడి, యుద్ధం కూడా అయిపోయాక, రక్తక్యాన్సర్ మీద పనిచేసే ఒక చిన్న పరిశోధనాలయం వాళ్ళు దాన్ని అద్దెకు తీసుకుని, పట్టుగూళ్ళు పేర్చిన అరల్లోనే ఎలుకల పెట్టెలు పేర్చారు. గూళ్ళు కొరుకుతాయని ఎలుకల్ని తరిమి తరిమి కొట్టిన చోటే, వాటి కోసమే తరతరాల పిల్లుల్ని పోషించిన చోటే, ఇప్పుడు ఎలుకలకి వేళకి వండి వడ్డిస్తున్నారని ఊరు ఊరంతా కడుపుబ్బ నవ్వింది.

ఆ వడ్డించే మనిషి కోసం వాళ్ళు వెతుకుతుంటే కిను వెళ్ళి నిలబడింది. అప్పటికి ఆమెకి నలభై నాలుగు. భర్త దక్షిణాది దీవుల్లో యుద్ధంలో పోయాడు. పిల్లలు లేరు. కెమెరాలకి గాజు కటకాలు అరగదీసే కార్ఖానాలో కళ్ళు పాడైపోయి మానేసింది. ఉద్యోగంలోకి తీసుకోవలసిన డాక్టర్ కురమోచి టోక్యో మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, మందపాటి కళ్ళద్దాలతో, మంచు పడ్డ రోజున నాలుగడుగులు వేస్తే మూడుసార్లు జారిపడేవాడు.

"ఎలుకలంటే భయం లేదా అమ్మా?" అని అడిగాడాయన.

"మనుషులంటేనే పోయింది, ఎలుకలంటే ఏముంది?" అంది కిను.

"ఇంతకు ముందు జంతువుల్ని పెంచారా?"

"పట్టుపురుగుల్ని పెంచాం. మా ఊళ్ళో మా అటక మీద ఏడాదికి మూడు పంటలు. వాటికి నిద్రెప్పుడొస్తుందో, ఆకలెప్పుడేస్తుందో చీకట్లో చప్పుడు విని చెప్పగలను."

కురమోచి ఏదో రాసుకున్నాడు. మర్నాటినుంచి ఆమె పనిలో చేరింది. వారం తిరిగేసరికి ఆయన ఆమెని "పిన్నిగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆమె ఆయన్ని చివరిదాకా "డాక్టరుగారూ" అనే అంది.

కిను పుట్టింది ఇన లోయలో. పదమూడో ఏట ఓకయ మిల్లుకి దారం తీయడానికి వచ్చింది. పట్టుగూళ్ళు ఉడికే తొట్టి ముందు పొద్దున్నించి సాయంత్రందాకా నిలబడేది. వేళ్ళు తెల్లగా నాని ముడతలు పడేవి. ఆ రోజుల గురించి ఆమె ఎక్కువ చెప్పేది కాదు. తిండి గురించి మాత్రం చెప్పేది. మిల్లులో అన్నానికి ఒక కొమ్ము ఊదేవారు. పరుగెత్తుకెళ్ళి కూర్చోవాలి. అన్నం, మిసో అనే సోయాముద్దతో కాచిన పలచటి చారు, ఉప్పులో ఊరిన ఆకు రెండు ముక్కలు. రెండో కొమ్ము ఊదేలోపు మింగేయాలి. రెండో కొమ్ముకి గిన్నె ఖాళీ అయిందా లేదా అని ఎవరూ చూడరు, ఎత్తేస్తారు. వచ్చిన మొదటి వారం కిను సగం గిన్నె అలాగే పోయింది. అన్నం పోయినందుకు కాదు, నోటి దగ్గరికి తెచ్చుకున్న ముద్ద ముందే గిన్నె లాక్కుపోయినందుకు ఆ పిల్ల ఏడ్చింది. తను బతికుండగా ఎవరి ముందునుంచీ తిండి ఎత్తనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఈ ఒట్టు సంగతి గుర్తుంచుకోండి.

ఎలుకల పని ఆమెకి బాగా కుదిరింది. అవి అమెరికా వంశం తెల్ల ఎలుకలు. పుట్టినప్పుడు ఏ లోటూ కనిపించదు. ఆరేడు నెలలు చక్కగా తిరుగుతాయి. ఆ తరువాత ఒక్కొక్కదానికే ఒళ్ళు బరువెక్కుతుంది, ఊపిరి ఆడదు. రక్తంలో తెల్లకణాలు పిచ్చిగా పెరిగిపోయి చనిపోతాయి. లుకేమియా వాటికి తల్లిదండ్రులిచ్చిన ఆస్తి. జబ్బు రొమ్ము ఎముక వెనకాల ఉండే థైమస్ అనే చిన్న గ్రంథిలో మొదలవుతుందని కురమోచి చెప్పాడు. కిను మాత్రం ఎలుకని ఎడమ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చూపుడువేలితో పొట్ట పక్కగా నొక్కి చూసి, "దీనికి వచ్చేసింది" అనేది. వారం తరువాత సూక్ష్మదర్శినిలో డాక్టరుగారికి అదే కనిపించేది.

"పిన్నిగారి వేలికి కూడా ఒక కటకం ఉంది," అనేవాడాయన, వచ్చిన ప్రతి అతిథికీ.

"ఆ కార్ఖానాలో అరిగిపోయింది కళ్ళే, వేళ్ళు కాదు," అనేది కిను, టీ పోస్తూ.

టీతో పాటు ఊరగాయ ఆకు, ఒక్కోసారి సోయారసంలో ఉడికించిన పట్టుపురుగులు పెట్టేది. టోక్యో మనిషి మొదటిసారి కళ్ళు మూసుకుని ఒకటి నమిలాడు. రెండో ఏడు తనే అడిగి తినేవాడు.

ఎలుకల స్మారక రాయి పెట్టించింది కూడా ఆమే. గుట్టమీది గుడి ఆవరణలో మిల్లు యజమానులు పట్టుపురుగుల ఆత్మశాంతికి ఎప్పుడో ఒక పెద్ద రాయి నిలబెట్టారు. దారం కోసం చంపినవాటికి ఏడాదికోసారి దణ్ణం పెట్టుకోవడం ఓకయ వాళ్ళ అలవాటు. "పురుగుకి పెట్టి ఎలుకకి పెట్టకపోతే ఎలాగండీ?" అని కిను నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి అడిగింది. ఆయన ఉలిక్కిపడి సరేనన్నాడు. తలెత్తి మాట్లాడేవాళ్ళకి ఆయన ఎప్పుడూ సరేననేవాడు, అదే ఆయన సుగుణం. ఆ విధంగా పెద్ద రాయి పక్కన మోకాలెత్తు రాయి ఒకటి వెలిసింది. ఏటా అక్టోబరు చివర్లో అందరూ వెళ్ళి అగరు వేసి రావడం మొదలైంది. ముందు డైరెక్టరు, తరువాత డాక్టర్లు, తరువాత ఆఫీసువాళ్ళు, అందరికన్నా చివర కిను.

ఇక అసలు సంగతికి వస్తాను. పందొమ్మిది వందల యాభై ఏడు మార్చిలో కురమోచి తన పెద్ద ప్రయోగం మొదలుపెట్టాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథులు రెండుంటాయి. వాటిలోంచి వచ్చే స్టెరాయిడ్ హార్మోను ఇస్తే థైమస్ ముడుచుకుపోతుంది. అలా ముడుచుకుంటే లుకేమియా రావడం ఆలస్యమవుతుందా? ఎంత ఆలస్యమవుతుంది? అదీ ప్రశ్న. రెండు వందల ఎలుకల్ని రెండు భాగాలు చేశాడు. ఎడమ అరల్లో ఉన్నవాటికి నువ్వులనూనెలో కలిపిన హార్మోను, కుడి అరల్లో ఉన్నవాటికి ఉత్త నువ్వులనూనె. వారానికి మూడు సూదులు.

"మందే లేనప్పుడు కుడివైపు వాటిని ఊరికే పొడవడం ఎందుకండీ, పాపం?" అని కిను అడిగింది.

"సూది నొప్పి రెండువైపులా ఉండాలి పిన్నిగారూ. నూనె కూడా రెండువైపులా ఉండాలి. తేడా అంటూ ఉంటే ఒక్క మందులోనే ఉండాలి. ఇంకే తేడా వచ్చినా నా ఏడాది కష్టం సరస్సు పాలే."

కిను తలూపింది. అర్థమైందనే అనుకుంది. సూదులు, నూనె, పెట్టెలు, గడ్డి, అన్నీ రెండువైపులా ఒకేలా ఉంచింది. ఆ ఏడాది ఆమె ఒంటినుంచి ఎప్పుడూ నువ్వులనూనె వాసనే. వేడినీటి స్నానాల ఇంట్లో ఆమె వస్తుంటే, "దారివ్వండమ్మా, వేపుడు వస్తోంది," అని ఆడవాళ్ళు పక్కకి జరిగేవారు.

జూన్‌లో ముసురు పట్టింది. గోదాములో గోడలు చెమర్చాయి. గోధుమపిండి, సోయాపిండి, ఎండుచేపల పొడి కలిపి కిను చేసే మేత ఉండలకి ఒక్క రోజులోనే బూజు వచ్చేది. అప్పటికి ఎడమ అరల ఎలుకలు మందకొడిగా తయారయ్యాయి. బొచ్చు పలచబడింది. మధ్యాహ్నం పెట్టిన మేత సాయంత్రానికి సగం అలాగే ఉండేది. కిను వాటిని చూసింది. అటక మీద పట్టుపురుగులు కుబుసం విడిచే ముందు తలెత్తి కదలకుండా ఉండిపోతాయి. దాన్నే నిద్ర అంటారు. నిద్రపట్టే పురుగుకి ఆకు వేయకూడదు. తినని ఆకు పక్కలో కుళ్ళుతుంది, పక్క కుళ్ళితే పురుగు చస్తుంది. వాళ్ళమ్మ చెప్పిన మాట అది, వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట. ఆ లోయలో పుట్టిన ఏ ఆడదాన్ని నిద్రలో లేపి అడిగినా ఇదే చెబుతుంది.

అందుకని కిను రోజూ సాయంత్రం అయిదింటికి ఇంటికి వెళ్ళబోయే ముందు, ఎడమ అరల్లో మిగిలిన మేత ఎత్తేసి, పెట్టెకి ఒక్క ఉండ మాత్రం ఉంచేది. కుడివైపువి చక్కగా తింటున్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. వానలు వెలిసినా ఆ అలవాటు మానలేదు. పొద్దున్నే ఆమె తలుపు తీయగానే ఎడమ అరల ఎలుకలు పెట్టె ముందరి ఇనపజల్లెడకి ఎగబాకి, ముందుకాళ్ళు బయటికి చాచి కీచుకీచుమనేవి. కుడివైపువి ఆమెని పట్టించుకునేవి కావు.

"చూశారా డాక్టరుగారూ, జబ్బువాటికే నేనంటే ప్రేమ," అనేది కిను. "నన్ను చూడగానే ఎంత సంబరమో."

జులై, ఆగస్టు గడిచాయి. కుడి అరల్లో చావులు మొదలయ్యాయి. ఎడమ అరల్లో ఒకటీ అరా. అక్టోబరు వచ్చేసరికి కుడివైపు మూడింట రెండొంతులు పోయాయి, ఎడమవైపు మూడోవంతు కూడా పోలేదు. కురమోచి గళ్ళ కాగితం మీద రెండు గీతలు గీసి గోడకి అంటించాడు. రోజూ వచ్చి వాటి ముందు నిలబడేవాడు. నవంబరులో టోక్యోలో పెద్ద సభ. వక్తల్లో ఆయన పేరు అచ్చయింది కూడా.

స్మారక దినానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన హుషారుగా చెప్పుకుపోతున్నాడు.

"టోక్యోలో పిల్లల ఆస్పత్రివాళ్ళు మన గీతల కోసం కాచుకుని ఉన్నారు పిన్నిగారూ. వాళ్ళు ఈ మందే లుకేమియా వచ్చిన పిల్లలకి ఇస్తున్నారు. మందుకి ఇంత బలం ఉందని మనం తేలిస్తే మోతాదు పెంచుతారట."

"పెంచితే పిల్లలకి ఏమవుతుందండీ?"

"మొహం ఉబ్బుతుంది. ఎముక గుల్లబారుతుంది. చిన్న జలుబు కూడా తట్టుకోలేరు. కాని దానికి తగ్గ లాభం ఉంటే భరించాలి కదా. మన లెక్క చెబుతోంది లాభం ఉందని." ఆయన ఊరగాయ ముక్క నోట్లో వేసుకుని నవ్వాడు. "ఇంకో తమాషా. విదేశాల్లో ఎవరో ఇదే వంశం ఎలుకలకి తిండి తగ్గించి చూశారట. మందూ మాకూ లేకుండానే, ఉత్త ఆకలికే లుకేమియా ఆలస్యంగా వచ్చిందట. మనవి నయం, మీ చేతి వంట కడుపునిండా తిన్నాయి."

కిను చేతిలోని కెటిల్ గిన్నె అంచుకి తగిలి టీ చాప మీద ఒలికింది. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. సంబరం కాదది, ఆకలి. రోజూ పొద్దున్న జల్లెడ లోంచి చాచిన ఆ కాళ్ళన్నీ ఆకలితో చాచినవే. ఎలుక రాత్రిపూట తింటుందని ఆమెకి తెలియకనా? తెలుసు. తెలిసీ సాయంత్రం అయిదింటికి, అవి సరిగ్గా తినడానికి లేచే వేళకి, రెండో కొమ్ము ఊదినట్టు గిన్నె ఎత్తేసింది. ఒట్టు పెట్టుకున్న మనిషే ఎత్తేసింది.

ఆ సాయంత్రం స్నానాల ఇంట్లో, వేడినీళ్ళలో గడ్డందాకా మునిగి, తత్సుయెకి సంగతంతా చెప్పింది. తత్సుయె మిల్లులో పక్క తొట్టి మనిషి. ఇప్పుడు మిసో దుకాణం నడుపుతోంది. నోరు పెద్దదే గాని రహస్యం కడుపులో ఉంచుకునేది.

"నోరు మూసుకుని కూర్చో," అంది తత్సుయె. "ఎలుకలొచ్చి చెబుతాయా?"

"లెక్క తప్పు కదే."

"తప్పో ఒప్పో ఆయన చూసుకోవాలి. చదువుకున్నవాడు. నీకెందుకే? చెప్పావంటే ఆయన పరువు పోతుంది, నీ కూడు పోతుంది. గోదాముకి తాళం పడుతుంది. నలభై ఆరేళ్ళ దానికి మళ్ళీ ఎవడిస్తాడు పని?"

"పిల్లలకి మోతాదు పెంచుతారట."

తత్సుయె నీళ్ళలోంచి లేచి గట్టుమీద కూర్చుంది. ఆమె పిల్లాడొకడు నాలుగో ఏట ఇంకేదో జబ్బుతో పోయాడు. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

"వీపు ఇటు తిప్పు, రుద్దుతాను," అంది చివరికి. "వేపుడు కంపు కొడుతున్నావు."

మూడు రోజులు కిను ఎడమ అరల్లో మేత ఎత్తలేదు. మూడు రోజులూ పొద్దున్న తలుపు తీస్తే ఒక్క ఎలుకా జల్లెడ ఎక్కలేదు. అవి కడుపునిండి గడ్డిలో పడుకుని ఉన్నాయి. ఇక ఆమెకి అనుమానమేమీ మిగల్లేదు. చెప్పాలని రోజూ అనుకుంది. ఆయన ఆ గీతల ముందు నిలబడి ఉండడం చూసి రోజూ వెనక్కి వచ్చేసింది. అన్నేళ్ళలో ఆమె అంత పిరికిగా ఎప్పుడూ లేదు.

నాలుగో రోజు పొద్దున, అందరూ గుడికి బయల్దేరడానికి ముందు, ఆయన నల్లకోటు వేసుకుని అరల గదిలోకి వచ్చాడు. కిను మేత డబ్బా పక్కన నిలబడి చెప్పేసింది. నిద్రపట్టే పురుగు సంగతి, బూజు సంగతి, సాయంత్రం ఒక్క ఉండ సంగతి, అన్నీ. ఎక్కడా కుదించలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడాయన.

"జూన్ ముసురు నుంచి."

"రోజూనా?"

"రోజూ. ఆదివారాలు కూడా."

"కుడివైపు?"

"కుడివైపు ఎత్తలేదండి. అవి బాగా తింటున్నాయి కదా అని."

కురమోచి కళ్ళద్దాలు తీశాడు. అవి లేకుండా ఆయన మొహం చాలా చిన్నపిల్లాడి మొహంలా ఉంది. గోడ మీద గీతల వంక తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"మీరు బయటికి వెళ్ళండి," అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "దయచేసి వెళ్ళండి. ఇప్పుడు నేను మీ మొహం చూడలేను."

ఆమె వెళ్ళి మెట్లమీద కూర్చుంది. లోపల కాగితం చింపిన చప్పుడు వినిపించింది. పనిమీద కట్టుకునే గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచింది. రేపటినుంచి ఇది ఇంకెవరిదో అనుకుంది. ఆ గోదాము, ఆ కిటికీలు, ఆ నూనె వాసన, రెండేళ్ళు పైబడి తను మనుషుల్లో ఒక మనిషిగా బతికిన చోటు అది. కిను ఏడ్చింది. తరువాత లేచి లోపలికి వెళ్ళలేక, బయటి వంటపాకలో నిన్న చేసి ఆరబెట్టిన మేత ఉండలు సంచినిండా పోసుకుని, ఒక్కతే గుట్ట ఎక్కింది.

గుడిలో పూజారి మంత్రాలు చదివాడు. డైరెక్టరుగారు అగరు వేశారు. ఆ తరువాత కురమోచి రాసుకొచ్చిన మాటలు చదవాలి. ఏటా ఉండేవే. మానవజాతి మేలు కోసం ప్రాణాలర్పించిన ఓ చిన్న ప్రాణులారా, అని మొదలై రెండు పేజీలు. ఆయన రాయి ముందుకు వచ్చి కాగితం తెరిచాడు. మొదటి వాక్యం చదివాడు. ఆగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎడమ అరల్లో ఉన్నవాళ్ళారా," అన్నాడు. "మీరు ఆకలితో ఉన్నారు. మాకు తెలియలేదు. మీరు ఏం తింటున్నారో నేను ఒక్క సాయంత్రం కూడా ఉండి చూడలేదు. మేత తూచమని ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది. మీరు చెప్పిందాంట్లో సగం నిజమో, అంతా అబద్ధమో, మళ్ళీ మొదటినుంచి చేసి తెలుసుకుంటాను. అందాకా ఎవరికీ ఏమీ చెప్పను. క్షమించండి."

నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆఫీసువాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. డైరెక్టరుగారు దగ్గారు.

చివర ఆమె వంతు వచ్చింది. అగరు వేసి, మోకాళ్ళ మీద కూర్చుని, సంచిలోని ఉండలన్నీ రాయి ముందు పోసింది. కుప్పలా అయ్యాయి. "తినండి," అంది, పక్కన ఉన్నవాళ్ళకి వినపడేలా.

"అదేమిటి?" అన్నారు డైరెక్టరుగారు, కురమోచి వైపు వంగి.

"సాయంత్రం మేత," అన్నాడు కురమోచి.

తిరుగుదారిలో ఆయన మెట్లమీద జారాడు. కిను చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి వదిలించుకోలేదు. కింద చెప్పులు సర్దుకుంటూ, "మూడో అర ఒకటి పెట్టాలి పిన్నిగారూ," అన్నాడు. "ఉత్త నూనె, తక్కువ మేత. ఎడమవైపువి ఎంత తింటే అంతే తూచి పెట్టాలి. ఎవరు తూస్తారు?"

"నేను తూస్తానండి," అంది కిను.

టోక్యో సభలో ఆయన పేరు కొట్టేశారు. అక్కడివాళ్ళు ఏమన్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ చలికాలం సరస్సు గడ్డకట్టి మంచు బీటలు వారే చప్పుడు వింటూ, కిను చిన్న త్రాసు ముందు పెట్టుకుని మూడు వందల ఎలుకలకి పూటపూటా మేత తూచింది. మూడో అరలో వాటికి తెలిసి తెలిసి తక్కువ పెట్టడం ఆమెకి అన్నిటికన్నా కష్టమైంది. పొద్దున్న అవి జల్లెడ ఎక్కితే ఆమె తల తిప్పుకునేది కాదు. "ఆకలని నాకు తెలుసు," అనేది ఒక్కో పెట్టె దగ్గరా. ఆ మాట తప్ప ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఏడాది తరువాత మూడు గీతలు వచ్చాయి. ఆకలి ఎలుకలకి కూడా జబ్బు ఆలస్యంగానే వచ్చింది. మందు ఎలుకలకి మరో అంత ఆలస్యమైంది. సగం మందుది, సగం ఆకలిది. ఆ చిన్న నిజం ఒక చిన్న పత్రికలో అచ్చయింది. దాన్ని ఎంతమంది చదివారో తెలియదు. పిల్లల ఆస్పత్రివాళ్ళు మోతాదు పెంచలేదని మాత్రం కురమోచి వచ్చి చెప్పాడు. ఆ రోజు కిను ఆయనకి ఇష్టమైన పట్టుపురుగుల కూర రెండు గిన్నెలు పెట్టింది.

తరువాత ఆయన వేరే ఊరు వెళ్ళాడు, పెద్దవాడయ్యాడు. ఏటా కొత్త సంవత్సరానికి కార్డు రాసేవాడు. ఒక ఏడు ఇలా రాశాడు: "పిన్నిగారూ, పట్టుపురుగు కుబుసం విడవడానికి కారణమైన పదార్థం ఏమిటో తేల్చారు. మన మందు జాతిదేనట, స్టెరాయిడేనట. మీరు పురుగుల నిద్రనీ మన ఎలుకల మగతనీ ఒకటే అనుకోవడంలో పెద్ద పొరపాటేమీ లేదు." ఆ కార్డు కిను దేవుడి అరలో, భర్త ఫోటో పక్కన పెట్టుకుంది. తత్సుయె చూసి, "ప్రేమలేఖా?" అంది.

డెబ్బై ఒకటిలో పరిశోధనాలయం కొత్త భవనానికి మారిపోయింది. గోదాము కూల్చి కార్లు నిలిపే స్థలం చేశారు. అక్టోబరు పూజ కొన్నేళ్ళు నడిచి ఆగిపోయింది. కిను ఆపలేదు. డెబ్బై ఏడేళ్ళ వయసులో కూడా, అదే గోధుమపిండి, సోయాపిండి, చేపలపొడి కలిపి ఉండలు చేసి, ఎండబెట్టి, సంచిలో పోసుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ గుట్ట ఎక్కేది. చిన్న రాయి ముందు కుప్ప పోసి, కాసేపు కూర్చుని, ఆ రోజుల్లోవాళ్ళతో మాట్లాడినట్టు ఏవో నాలుగు మాటలు చెప్పేది. గుడి పూజారికి కొత్తగా కోడలొచ్చింది. శుభ్రం మనిషి. ఆవరణలో ఆకు రాలితే సహించేది కాదు. ఆ ఏడు ఎండ వాలుతుండగా ఆ అమ్మాయి చీపురూ చేటా పట్టుకుని వచ్చింది.

"అమ్మమ్మగారూ, చీకటి పడకముందే ఇది ఎత్తేయనా? రాత్రయితే అడవి ఎలుకలొస్తాయి."

కిను ఆమె చేతిలోని చేట మీద తన చెయ్యి పెట్టింది.

"వద్దమ్మా," అంది. "తెల్లారేదాకా ఉండనీ."